ప్లగ్‌ల విషయంలో ఈ నెల నుంచి మన షెడ్‌లో పద్ధతి ఇదీ

నమస్తే అండీ అందరికీ. విజయవాడ ఆటోనగర్‌లో మన షెడ్‌కి పెట్రోల్, సీఎన్‌జీ కార్లు తెచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ప్లగ్ అంటే స్పార్క్ ప్లగ్, ఇంజన్ లోపల నిప్పురవ్వ పుట్టించి పెట్రోల్‌నో గ్యాస్‌నో మండించేది. డీజిల్ బళ్ళకి ఇవి అసలు ఉండవు కాబట్టి ఆ కస్టమర్లు వదిలేయొచ్చు.

మన దగ్గరకి రెండు రకాలవాళ్ళు వస్తున్నారు. ఒకళ్ళు ప్రతి 10 వేల సర్వీస్‌కీ "ఎందుకైనా మంచిది ప్లగ్‌లు కూడా వేసేయండి" అంటారు, ఇంకొకళ్ళు బండి వణుకుతూ ఈడ్చుకుంటూ వచ్చేదాకా ఆ ఊసే ఎత్తరు. ఇద్దరికీ డబ్బులు దండగే. అందుకే ఈ నెల నుంచి మార్చే టైమ్ రాకుండా కొత్త ప్లగ్‌లు మీరు అడిగినా వెయ్యం, టైమ్ అయిపోతే మాత్రం మీరు అడక్కపోయినా తీసి చూపిస్తాం. ప్లగ్ అమ్మితే మాకు నాలుగు రూపాయలు మిగుల్తాయి, నిజమే, కానీ అలా వచ్చే డబ్బు నాకొద్దు.

టైమ్ అంటే ఎంత అని అందరూ అడుగుతారు. మొన ఏ లోహంతో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు నికెల్ ప్లగ్ అయితే 30 నుంచి 40 వేల కిలోమీటర్లు, ఇరిడియం అయితే 80 వేలు, కొన్ని బళ్ళలో లక్ష దాకా కూడా వస్తాయి. బండితో ఇచ్చిన మాన్యువల్‌లో ఏం రాసుందో అదే ఫైనల్, డ్యాష్‌బోర్డ్ సొరుగులో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. ఇరిడియం రేటు చాలా ఎక్కువ కాబట్టి 30 వేలకే పీకి పారేయమంటే నాకే ప్రాణం ఉసూరుమంటుంది. కాకపోతే బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో రోజూ గంటలకొద్దీ నిలబడే బండి మీటర్ మీద కిలోమీటర్లు తక్కువే చూపిస్తుంది, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది కదా, అలాంటి బళ్ళు కొంచెం ముందే చూపించుకోవాలి.

అసలు గట్టిగా చెప్పాల్సింది సీఎన్‌జీ వాళ్ళకి. గ్యాస్‌ని మండించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, అందుకని ప్లగ్ తొందరగా అరుగుతుంది. గన్నవరం ఎయిర్‌పోర్ట్‌కి, హైదరాబాద్‌కి తిరిగే ట్యాక్సీల ప్లగ్‌లు తీస్తే మధ్యలో ఉండే ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగిపోయి, పైన వంకీకీ దానికీ మధ్య గ్యాప్ ఉండాల్సిన దానికంటే ఎక్కువైపోయి కనిపిస్తుంది. ఆ గ్యాప్ మామూలుగా ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ ఉంటుంది అంతే. అది పెరిగేకొద్దీ నిప్పురవ్వ దూకడానికి కాయిల్ (ప్లగ్‌కి ఎక్కువ వోల్టేజ్ కరెంట్ ఇచ్చేది) ఇంకా ఎక్కువ కష్టపడాలి, పడీ పడీ ఒకరోజు కాయిలే పోతుంది. ప్లగ్‌ల దగ్గర వాయిదా వేసి మిగుల్చుకున్నదానికి ఎన్నో రెట్లు అక్కడ పెట్టాల్సొస్తుంది. సీఎన్‌జీ బండిలో నికెల్ ప్లగ్‌లుంటే 20 వేలకే ఒకసారి తీసి గ్యాప్ చూస్తాం, బాగుంటే మళ్ళీ అవే బిగిస్తాం.

పాత ప్లగ్‌లు మీ చేతికే ఇస్తాం, చూసుకోండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టే. నల్లగా పొడి మసి పట్టిందంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందనో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందనో అనుమానించాలి. ఆయిల్‌తో తడిగా ఉందంటే మాత్రం కొత్త ప్లగ్‌లు వేసి పంపించేస్తే సరిపోదు, ఆయిల్ లోపలికి రాకుండా ఆపే పిస్టన్ రింగులో, వాల్వ్ సీల్సో పోయాయేమో చూడాలి, అది మీతో మాట్లాడాకే మొదలుపెడతాం. బాగా తెల్లబడి ఉంటే ఇంజన్ వేడెక్కుతోందేమో చెక్ చేస్తాం.

ఇంకో చిన్న రిక్వెస్ట్. ప్లగ్‌ల పని ఉంటే బండి పొద్దున్నే వదిలి వెళ్ళండి ప్లీజ్. ఇంజన్ కాలుతున్నప్పుడు ప్లగ్ తిప్పితే ప్లగ్ బిగించే అల్యూమినియం హెడ్‌లో థ్రెడ్‌లు (మరలు) లేచిపోయే ప్రమాదం ఉంది, థ్రెడ్ పోయిందంటే అది చాలా పెద్ద పని. కాబట్టి ఎంత అర్జెంట్ అన్నా ఇంజన్ చల్లారాకే చెయ్యి పెడతాం, బిగించేటప్పుడు కూడా టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), కుర్రాళ్ళు బలమంతా పెట్టి బిగించడం మన దగ్గర కుదరదు. ఇరిడియం మొన చాలా సన్నం, వైర్ బ్రష్‌తో రుద్దితే పాడైపోతుంది కాబట్టి "క్లీన్ చేసి వేసేయండి" అని అడక్కండి.

డూప్లికేట్ ప్లగ్‌లు మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి. మీరే కొనుక్కొచ్చినా బిగిస్తాం, కానీ నంబర్ మాన్యువల్‌తో కలవాలి, నకిలీ అనిపిస్తే వెయ్యం. మేం వేసినవైతే ప్లగ్ రకం, నంబర్, ఆ రోజు మీటర్ రీడింగ్ బిల్లు మీదే రాసిస్తాం, ఆ బిల్లు బండిలోనే పెట్టుకోండి, తర్వాత మీరు ఏ షెడ్‌కి వెళ్ళినా పనికొస్తుంది.

పొద్దున స్టార్టింగ్ లేటవుతుంటే, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే, పికప్, మైలేజ్ తగ్గితే వీలు చూసుకుని తీసుకురండి. మీటర్ దగ్గర చెక్ ఇంజన్ లైట్ ఆరుతూ వెలుగుతూ మినుకుతుంటే మాత్రం నడుపుకుంటూ రావద్దు, మండని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. బండి పక్కకి ఆపి ఫోన్ చెయ్యండి, మేమే మనిషిని పంపిస్తాం.