సాక్సు తొడిగిన సీసా

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కాలిఫోర్నియా వైన్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫోటోలు బాగున్నాయి. ఒక్క మాట మాత్రం మింగుడు పడలేదు. నూటికి 98 మార్కులు తెచ్చుకున్న వైన్ గొప్పదనం మామూలు మనిషి నాలుకకు అందదనీ, దానికి పుట్టుకతోనే వేరే రుచి ఉండాలనీ రాశారు. నేను తాడిపత్రి దగ్గర నాలుగెకరాల చీనీ (బత్తాయి), రెండెకరాల ద్రాక్ష పెట్టుకున్న రైతును. అరవై మూడేళ్లొచ్చినా మందు ముట్టినవాణ్ని కాదు. నిరుడు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో మా కూతురింట ఉన్నప్పుడు ముప్పై రకాల దాకా వైన్లు నోట్లో పోసుకుని, అన్నీ ఉమ్మేసి వచ్చాను. ఆ మాత్రం అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నా.

ఉమ్మేయడం అంటే నవ్వుకోవద్దు. అక్కడ రుచి చూసే గదుల్లో ప్రతి బల్ల మీదా అందుకోసమే ఒక పాత్ర పెడతారు. ఎర్ర వైన్లో నూటికి 14, 15 వంతులు ఆల్కహాలే ఉంటుంది. వరసగా పది రకాలు మింగితే పదకొండోది రుచి చెప్పేవాడు మనిషి కాదు, మైకం. అందుకే ఆ పని చేసి బతికేవాళ్లంతా ఉమ్మేస్తారు. ఈ సంగతి తెలిశాకే మా ఇంటావిడ ఒప్పుకుంది. "మింగినట్టు తెలిసిందా, ఊరికి ఫోన్ చేసి అందరికీ చెప్తా" అని ఒక మాట అనే పంపింది.

శాక్రమెంటో నుంచి వైన్ తోటలకు పేరున్న నాపా లోయకు కార్లో గంట పైచిలుకు. మా అల్లుడు తీసుకుపోయాడు. మనిషికి యాభై డాలర్లు అనగానే నేను వెనక్కి తిరిగితే, "కట్టేశాను మామా, రండి" అన్నాడు. బల్ల మీద తెల్లకాగితం పరిచారు. గ్లాసు వంచి కాగితానికి ఎదురుగా పెట్టి రంగు చూడమన్నారు. అంచున ఊదాగా ఉంటే కొత్త కాపు, ఇటుక రంగు తిరిగితే పాతది. తర్వాత గ్లాసు గిరగిరా తిప్పాలి, వాసన లేస్తుంది. గ్లాసు గోడ మీంచి చారలు జారితే అల్లుడు "చూడండి, మంచి సరుకు" అన్నాడు. పోస్తున్న అమ్మాయి నవ్వి, అది ఆల్కహాల్ వల్ల వచ్చే చార, మంచికీ చెడ్డకీ దానికీ సంబంధం లేదంది.

అది కాబెర్నే సావిన్యోన్ అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైన్. ఆ అమ్మాయి బ్లాక్ కరెంట్ పండు వాసన పట్టుకోమంది. ఆ పండు నేనెప్పుడు చూశాను గనక? ముక్కు పెట్టి చూస్తే నాకు తెలిసింది నేరేడు పండు. బాగా మాగి, కింద రాలి, కొంచెం నలిగిన నేరేడు. దాని వెనక లవంగం. నోట్లో పోసుకుంటే మొదట పులుపు, ఆ తర్వాత చిగుళ్లంతా పట్టుకుపోయే ఒగరు. కరక్కాయ కొరికినట్టు, లేత వక్క నమిలినట్టు. అది టానిన్ అట, తోలులోంచీ గింజల్లోంచీ దిగుతుంది. లవంగం మాత్రం పండుది కాదు, ఓక్ పీపాది. 225 లీటర్ల పీపాల్లో ఏడాది, రెండేళ్లు నిలవ ఉంచుతారు. చెక్కను లోపల నిప్పుతో కాలుస్తారు గనక లవంగం, వెనీలా వాసనలు వస్తాయి. అల్లుడు నా మాటలు ఇంగ్లీషులో చెబితే ఆ అమ్మాయి "నేరేడు" అన్న మాటను కూడబలుక్కుని తన పుస్తకంలో రాసుకుంది. పుట్టుకతో రావలసిన రుచి ఏదో నాకు అక్కడ కనిపించలేదు. తిన్నవి గుర్తుండాలి, వాటికి పేర్లు పెట్టగలగాలి. మన పెద్దలు బెల్లం చేతిలో నలిపి ఏ గానుగదో చెప్పేవాళ్లు కదా.

ఈ పేర్లు పెట్టే పనిని ఒక పద్ధతిలోకి తెచ్చినవాళ్లు మా కూతురింటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న డేవిస్ విశ్వవిద్యాలయంవాళ్లే. 1984లో యాన్ నోబుల్ అనే ప్రొఫెసరమ్మ వాసనలన్నీ ఒక చక్రంలో పేర్చింది. అందులో "ఘనంగా ఉంది", "రాజసంగా ఉంది" లాంటి మాటలకు చోటు లేదు. మిరియమా, గడ్డా, తేనా, తడిసిన అట్టపెట్టా, అది చెప్పాలి. నాకు భలే నచ్చింది. అంతకు ముందే, 1959లో, అక్కడి మేనార్డ్ ఎమరీన్, ఆయన తోటివాళ్లు 20 మార్కుల పద్ధతి పెట్టారు. రంగుకు ఇన్ని, తేటదనానికి ఇన్ని, వాసనకు ఎక్కువ, వెనిగర్ కంపు కొడితే కోత. మీ వ్యాసంలో చెప్పిన నూరు మార్కులు ఆ తర్వాత రాబర్ట్ పార్కర్ అనే లాయరు నడిపిన పత్రికతో పేరుకొచ్చాయి. అందులో లెక్క 50 నుంచి మొదలు. అంటే సీసాలో పోసినందుకే 50 మార్కులు ఉచితం. పదో తరగతిలో మాకు అట్లాంటి మాస్టారు దొరకలేదు.

ఇక మా ఇంటి పరీక్ష సంగతి. అల్లుడికి వైన్ అంటే ఇష్టం, ఖరీదైనదంటే ఇంకా ఇష్టం. "పేరు చూడకుండా చెప్పగలవా?" అన్నాను. పందెం పడింది. మా కూతురు ఏడు సీసాలు తెప్పించి, మనవడి ఫుట్‌బాల్ సాక్సులు, ఆ పొడుగాటివి, ఒక్కోదానికి తొడిగి మెడ దగ్గర రబ్బరు బ్యాండు వేసింది. మూడు తెల్లవి, నాలుగు ఎర్రవి. గ్లాసుల అడుగున నంబర్లు. కాగితాలు ఎవరివి వాళ్లవే, మార్కులు 20కి, వేసేదాకా మాట్లాడకూడదు.

తెల్లవాటితో మొదలు. అల్లుడు ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే పోశాడు. ఏ గ్లాసుకూ వాసన లేదు, మంచునీళ్ల మాదిరి ఉన్నాయి. పావుగంట బల్ల మీద పెడితే అప్పుడు నోరు విప్పాయి. ఒకటో గ్లాసు నిమ్మ, పచ్చి గడ్డి. రెండోది షార్డొనే అనే తెల్లద్రాక్ష వైన్. అల్లుడు "వెన్న" అని రాశాడు, నేను "మీగడ మజ్జిగ" అని రాశాను. ఇద్దరం ఒకటే చెప్పామని కూతురంది. ద్రాక్షలో ఉండే ఆపిల్ పులుపును ఒక రకం బ్యాక్టీరియా పాల పులుపుగా మారుస్తుంది, అది పెరుగు తోడుకునే బ్యాక్టీరియాకు దాయాదే. ఆ వెన్న వాసన అక్కడిది. మూడో గ్లాసు దగ్గర నేను ఆగిపోయాను. వేరుశనక్కాయలు పోసి, వానకు తడిసి, మూల పడేసిన గోతాం కంపు. అదీ షార్డొనేనే, కానీ పండు ఎక్కడా లేదు. రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించాను. ఎంత పెట్టి కొన్నారో, అల్లుడి ముందర బాగుండదేమో. చివరికి "గోతాం, 6" అని రాశాను. సాక్సు లాగితే అది ఆయన ఆఫీసులో మేనేజరు ఇచ్చిన కానుక. అల్లుడు దానికి 17 వేసి ఉన్నాడు! మళ్లీ వాసన చూశాడు, ఇంకోసారి చూశాడు, మొహం చిట్లించాడు. అది బిరడా జబ్బు. బిరడాలో బూజు చేరి టీసీఏ అనే పదార్థం పుడుతుంది. ఒంటికి హాని లేదు, వైన్ మాత్రం చచ్చిపోతుంది. అదే రకం ఇంకో సీసా కొనుక్కొచ్చి చూస్తే చక్కగా ఉంది. కాబట్టి తోటదీ తప్పు కాదు, చేసినవాడిదీ కాదు.

నేను మీసం మెలేసే లోపల ఎర్రవి వచ్చాయి. నాలుగో గ్లాసుకు 16 వేశాను. నేరేడు, మెత్తటి ఒగరు, నోట్లో చాలాసేపు నిలిచింది. ఐదూ ఆరూ పర్వాలేదు. ఏడు ఉత్త మొరటుది, గొంతు మంట, 12 వేశాను. ఎనిమిదోది కూడా అంతంతే. అన్నీ అయ్యాక కూతురు నా కాగితం చూసి పకపకా నవ్వింది. "నాయనా, నాలుగూ ఏడూ ఒకే సీసా." సీసాలు ఏడే, గ్లాసులు ఎనిమిది, నేను లెక్కే పెట్టుకోలేదు! ఏమైందంటే ఆరో గ్లాసు తర్వాత మా ఇంటావిడ కారప్పూస తెచ్చింది, నేను గుప్పెడు నమిలాను. కారం మీద ఆల్కహాల్ పడితే మంట, ఒగరు రెండింతలవుతాయి. సాకు దొరికింది గానీ, ఒకే వైన్‌కు నేను నాలుగు మార్కుల తేడా వేశానన్నది నిజం. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదంటే నమ్మండి.

నా పరువు కొంచెం నిలిపింది అదే రాష్ట్రంలో ఒకాయన చేసిన పని. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే రిటైరైన ప్రొఫెసరు, సొంతంగా వైన్ కూడా చేస్తాడు, తన వైన్‌కు ఒక పోటీలో బంగారు పతకం, ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం చూసి విసిగిపోయాడు. శాక్రమెంటోలో ఏటా జరిగే కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలోనే, నిర్వాహకులతో మాట్లాడుకుని, జడ్జీల ముందుకు ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు వేర్వేరు నంబర్లతో పంపించాడు. 2008లో అచ్చయిన ఆయన లెక్క ప్రకారం ఒకే వైన్‌కు నిలకడగా ఒకే పతకం స్థాయి ఇచ్చినవాళ్లు పదిమందిలో ఒకరు. వాళ్లు ఆ పనిలో తలపండినవాళ్లు. 98కీ 94కీ మధ్య ఆకాశమంత తేడా ఉన్నట్టు రాసిన మీ వ్యాసకర్త ఇది ఒకసారి చూడాలి.

అట్లాగని మార్కులన్నీ గాలి కబుర్లని నేననను. పేరు దాచి చూస్తే నిజం కొంత బయటపడుతుందని 1976 మే 24న పారిస్‌లో తేలింది. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి తొమ్మిదిమంది ఫ్రెంచి ఉద్దండులను కూర్చోబెట్టి, పేర్లు దాచి, ఫ్రెంచి వైన్లతో పాటు కాలిఫోర్నియావి పోశాడు. ఒక జడ్జి నాపా తెల్లవైన్ తాగి, హమ్మయ్య, మళ్లీ ఫ్రాన్స్‌కొచ్చాం అన్నాడట! తెల్లవాటిలో షాటో మాంటెలీనా 1973 షార్డొనే, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973 కాబెర్నే మొదట నిలిచాయి, రెండూ నాపావే. అక్కడ హాజరైన విలేకరి ఒక్కడే, టైమ్ పత్రిక జార్జ్ టేబర్. లేకుంటే ఆ సంగతి ఆ గది దాటేది కాదు. రైతుగా నన్ను ఆశ్చర్యపరిచింది వేరే. ఆ స్టాగ్స్ లీప్ వైన్ మూడేళ్ల తోట కాపు. దాని యజమాని వారెన్ వినియార్‌స్కీ అంతకు ముందు షికాగోలో రాజనీతి పాఠాలు చెప్పుకున్న మనిషి. మూడేళ్ల తీగ మొదటి కాపును మనం లెక్కలోకే తీసుకోం, వాళ్లు ఫ్రాన్స్‌లో పేరుమోసిన మూటోన్ రోత్‌షీల్డ్‌ను దాటారు.

నాపాలో కోతకు సిద్ధంగా ఉన్న కాబెర్నే గుత్తి చూశాను. పండు శనగ గింజకంటే కాస్త పెద్దది, తోలు మందం, నోటి నిండా గింజలే. రసంలో తీపి కొలిచే నా బ్రిక్స్ మీటరు జేబులో ఉంది, పిండి చూస్తే 25. మన థామ్సన్ ద్రాక్షను 18కే కోసి లారీ ఎక్కిస్తాం. అన్నట్టు థామ్సన్‌కు ఆ పేరు వచ్చింది కాలిఫోర్నియాలో దాన్ని పెంచిన విలియం థామ్సన్ వల్లే. మనం అంటు కట్టే డాగ్‌రిడ్జ్ మొద్దు కూడా అమెరికాదే, టెక్సాస్‌ది. అంత చుట్టరికం ఉన్నా, అక్కడ సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు నుంచి పొగమంచు దిగి చలి పుట్టి, కాయలో పులుపు నిలబడుతుంది. తాడిపత్రిలో ఏప్రిల్ రాత్రి మిద్దె మీద పడుకున్నవాళ్లకు మన కాయలో పులుపు ఎందుకు నిలవదో చెప్పక్కర్లేదు. హిందూపురం దాటితే నంది కొండల కింద వైన్ తోటలు ఉన్నాయంటే ఆ ఎత్తు, ఆ చల్లదనమే కారణం.

ఇదంతా ఎందుకంటే, ఊరికొచ్చాక చీనీ కాయలు మండీకి తోలాను. వ్యాపారి కాయ కోసి చూడలేదు, రసం పిండలేదు. ఎవరి తోట అని అడిగాడు, పైన నాలుగు కాయలు తిప్పి ధర చెప్పాడు, టన్నుకింత అని సూటు (తరుగు) కోశాడు. పక్క తోట పేరున్న తోట. నాకంటే ఎక్కువ ధర పలికింది. నాకు మా కూతురు తొడిగిన సాక్సులు గుర్తొచ్చాయి.

పోయిన నెల మా ఊళ్లో నలుగురం కూర్చుని నాలుగు తోటల చీనీ రసం తీశాం. ఎనిమిది స్టీలు గ్లాసులు, ప్రతి తోటదీ రెండేసి, అడుగున నంబర్లు. కారప్పూస లేదు. పేరున్న తోట కాయకు బ్రిక్స్ తొమ్మిదిన్నర, రుచిలో మూడో స్థానం. నా తోటది నాలుగో స్థానం. నా కాయకు నేనే ఒక గ్లాసులో 11, ఇంకో గ్లాసులో 12 వేసుకున్నాను. ఈసారి తేడా ఒక్క మార్కే, అందుకు సంతోషించాను. మొదట వచ్చింది ఎకరంన్నర చెట్లున్న ఒక ముసలమ్మది, ఆమె కాయలకే మండీలో అందరికంటే తక్కువ ధర.

మీ వ్యాసంలో ఆ "పుట్టుకతో వచ్చే రుచి" అన్న వాక్యం ఒకటి సవరించండి. నా బ్రిక్స్ మీటరు పద్దెనిమిది వందలకు దొరికింది, మండీలో ఒకటి కొని బల్ల మీద పెట్టడానికి ఏం అడ్డమో మీ జిల్లా విలేకరి ఎవరినైనా అడిగి రాస్తే చదువుతాం. కాయ సీజను అయ్యేలోపల మేము ఇంకోసారి కూర్చుంటున్నాం. ఆయన్ను కూడా రమ్మనండి. టిఫిన్ మాత్రం పరీక్ష అయ్యాకే పెడతాం.

ఇట్లు,
ఒక తోట రైతు,
తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా.