బండి అమ్మే మాట కొన్నాళ్లు పక్కన పెట్టు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నీ పాత కారు వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతోందనీ, ప్లగ్గులు మార్చారనీ, పెట్రోలు పంపు మార్చారనీ, అయినా అదే వరస అనీ రాశావు. చివర్లో "ఇక దీన్ని వదిలించుకుంటాను" అన్నావు చూడు, అది మాత్రం నాకు మనసొప్పలేదు. ఆ నిర్ణయం కొన్నాళ్లు ఆపు. పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు, బాడీకి తుప్పు లేదు, గేర్లు మెత్తగా పడుతున్నాయి అని నువ్వే రాశావు. ఇవన్నీ బాగున్న పాత బండి దొరకాలంటే చాలా తిరగాలి రా. దానికి ఉన్నది ఒక్క రోగం. ఆ రోగం ఏదో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు, పార్టులు మాత్రం మారుస్తూ పోయారు.

పాత బండి విషయంలో నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. తప్పు ఎక్కడుందో తేలాకే పార్టు మార్చాలి. "బహుశా ఇదే అయ్యుంటుంది" అని మార్చే పార్టుతో డబ్బు పోవడం సరే, దాంతోపాటు కొత్త అనుమానాలు కూడా వచ్చి చేరతాయి. ఇప్పుడు చూడు, కొత్త పంపు వేశాక కూడా బండి ఆగింది. ఈ పంపు అసలుదేనా, కనెక్టరు పూర్తిగా దిగిందా, ట్యాంకు మూత దగ్గర సీలు సరిగ్గా కూర్చుందా అని మరో నాలుగు ప్రశ్నలు లేచాయి కదా. పాత పంపే ఉంటే వాటిలో ఒక్కటీ ఉండేది కాదు.

ఇక నీ బండి సంగతి. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. బాగా వేడెక్కేదాకా ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక్కసారిగా, లైటు స్విచ్చి కట్టేసినట్టు ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. ఆగే ముందు ఇంజిన్ కుదుపులు లేవు, పికప్ తగ్గడం లేదు అని కూడా రాశావు. ఆ ఒక్క ముక్క నాకు చాలా పనికొచ్చింది. పెట్రోలు అందకపోతే బండి సాధారణంగా గింజుకుంటుంది, ఈడ్చుకుంటూ పోయి ఆగుతుంది. టక్కున ఆగిందంటే కరెంటు వైపు చూడాలి. నాకు మొదటి అనుమానం క్రాంక్ సెన్సర్ మీద.

అది చిన్న ముక్క, బొటనవేలంత ఉంటుంది. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం పక్కన కూర్చుని, ఒక్కో పన్ను ముందునుంచి పోయినప్పుడల్లా ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరుకి సంకేతం పంపుతుంది. ఆ సంకేతం లేకపోతే పిస్టను ఎక్కడుందో కంప్యూటరుకి తెలియదు, కాబట్టి ప్లగ్గుకి నిప్పురవ్వా ఇవ్వదు, పెట్రోలూ చిమ్మించదు. చాలా బండ్లలో ఈ సెన్సర్ లోపల వెంట్రుకంత రాగి తీగ చుట్ట ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి కాగి, చల్లారి, కాగి, చల్లారి ఆ తీగలో ఎక్కడో సన్నటి చీలిక వస్తుంది. వేడికి సాగినప్పుడు ఆ చీలిక విడిపోతుంది, చల్లారాక మళ్లీ తగులుకుంటుంది. అందుకే షెడ్డుకి తీసుకెళ్లేసరికి బండి చక్కగా నడుస్తూ ఉంటుంది, మెకానిక్‌కి ఏమీ దొరకదు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. చల్లటి బండిలో ఆ తప్పు ఉండనే ఉండదు కదా.

కాబట్టి పరీక్ష చేయాల్సిన సమయం బండి ఆగిపోయి ఉన్న ఆ కాసేపే. అది నీ చేతుల్లోనే ఉంది. ముందు జాగ్రత్త సంగతి. ఇంజిన్ ఆగినా స్టీరింగ్ పనిచేస్తుంది, బరువెక్కుతుంది అంతే, రెండు చేతులతో గట్టిగా తిప్పు. తాళం మాత్రం లాక్ దాకా వెనక్కి తిప్పొద్దు. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే సర్వోలో ఒకటి రెండు తొక్కులకు సరిపడా వాక్యూమ్ మిగిలి ఉంటుంది, కాబట్టి బ్రేకుని ఊరికే కొట్టి కొట్టి వదలకు, ఒకేసారి నిలకడగా తొక్కి పక్కకి తీసుకో. హజార్డ్ లైట్లు వెయ్యి.

బండి నిలబడ్డాక తాళం ఆన్ దాకా తిప్పి చెవి వెనక సీటు వైపు పెట్టు. ఒకటి రెండు సెకన్ల పాటు పంపు జుయ్యిమంటుంది. అది వినిపిస్తే పంపుకి కరెంటు అందుతున్నట్టే. వినిపించకపోతే పంపుకి కరెంటు కలిపే స్విచ్చి, అంటే రిలే మీద అనుమానం పెట్టుకో. పాత రిలేల లోపల టంకం చీలిపోయి, అచ్చం ఇలాగే వేడికి విడిపోతూ ఉంటుంది. తర్వాత సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడు. చాలా బండ్లలో సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆ ముల్లు సున్నా మీంచి కాస్త లేస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నా ముల్లు చచ్చినట్టు పడి ఉంటే క్రాంక్ సెన్సర్ మీద నా అనుమానం బలపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ముల్లు లేచి, వేడి మీద ఆగినప్పుడు లేవకపోతే ఇక దాదాపు తేలిపోయినట్టే.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి స్కానర్ తగిలించి కంప్యూటరు రాసుకున్న తప్పు కోడ్ చూడమని మెకానిక్‌కి చెప్పు. పీ0335 అని వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా అని. ఏ కోడూ రాకపోతే సెన్సర్ మంచిదని అర్థం కాదు, ఇలాంటి వచ్చిపోయే తప్పుల్ని కంప్యూటరు చాలాసార్లు రాసుకోదు. ఇంకో మాట, కోడ్ వచ్చినా అది పార్టు పేరు చెప్పదు. ఏ సంకేతం తేడాగా ఉందో మాత్రమే చెబుతుంది. పీ0171 వస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గిందని అర్థం. దానికి చిరిగిన వాక్యూమ్ గొట్టం కారణం కావచ్చు, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్‌కి మురికిపట్టడం కావచ్చు, నీరసపడిన పంపు కావచ్చు. కోడ్ చదివి నేరుగా పొగలోని ఆక్సిజన్ కొలిచే సెన్సర్ మార్చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నా బండి సంగతి ఒకటి చెబుతాను, ఈ మాట ఇంతగా ఎందుకంటున్నానో తెలుస్తుంది. మొన్నామధ్య సెల్ఫ్ కొడితే నీరసంగా తిరగడం మొదలైంది. బ్యాటరీ మార్చమన్నారు. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, అంటే నిండుగా ఉంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.2, అంటే డైనమో కూడా మంచిదే. అప్పుడు మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండో కొస ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాను. మామూలుగా అక్కడ అర వోల్టు కూడా రాకూడదు. రెండు దాటింది. గేరుబాక్సు దగ్గర కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగివెళ్లే ఎర్త్ పట్టీ ఉంటుంది చూడు, దాన్ని విప్పితే బోల్టు కింద పచ్చటి పొడి, పట్టీలో సగం పోగులు తెగి ఊడిపోయి ఉన్నాయి. అక్కడ మెరిసేదాకా గీకి కొత్త పట్టీ బిగించాం. బ్యాటరీ జోలికి పోనేలేదు, సెల్ఫ్ ఇప్పుడు గిర్రున తిరుగుతోంది. పాత బండిలో ఇలాంటివే ఎక్కువ రా. పార్టు చచ్చిపోవడం కంటే పార్టుకీ పార్టుకీ మధ్య ఉన్న తీగలు, గొట్టాలు, రబ్బర్లు అలిసిపోవడమే ఎక్కువ చూశాను.

ఈ రోగం తీరాక ఇంకేం చేయించాలి అని అడిగావు. అన్నీ ఒకేసారి చేయించకు, కానీ వరస తప్పకు.

మొదట కూలింగ్. పాత ఇంజిన్లను చంపేది ఎక్కువగా ఇదే. నీళ్లూ గ్లైకాలూ సగం సగం కలిపిన కూలెంట్ మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత బిగించి పెట్టే ఒత్తిడి వల్ల అది ఇంకో ఇరవై డిగ్రీలకు పైగా తట్టుకుంటుంది. మూత రబ్బరు ఎండి స్ప్రింగు వదులైతే ఆ వెసులుబాటు పోతుంది. మూత చాలా చవక, ముందు దాన్నే మార్చు. రేడియేటర్‌కి పైనా కిందా ఉండే ప్లాస్టిక్ ట్యాంకులు అల్యూమినియంతో కలిసే అంచు చూడు, తెల్లగానో పచ్చగానో చారలు కనిపిస్తే అక్కడ కారుతున్నట్టు. గొట్టాలను చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడు. చివర్ల దగ్గర ఉబ్బినా, నొక్కితే పిటపిటమన్నా పని అయిపోయినట్టే. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కలిపే మందులు ఏళ్లు గడిస్తే సత్తువ కోల్పోతాయి, కాబట్టి పాతది ఎప్పుడు పోశారో తెలియకపోతే మొత్తం తీయించి కొత్తది పోయించు.

వేడి ముల్లు పైకి పాకుతుంటే ఏసీ ఆపు, హీటరు పూర్తిగా తెరువు, వెంటనే పక్కకి ఆపు. వేడి మీద మూత మాత్రం తియ్యకు, మరిగే నీళ్లు ముఖాన ఎగజిమ్ముతాయి. ఇది చాలామందికి తెలియదు: కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ చుట్టూ నీళ్లుండవు కాబట్టి ముల్లు పైకి లేవకపోవచ్చు, పడిపోవచ్చు కూడా. హీటర్లోంచి ఉన్నట్టుండి చల్లగాలి వస్తే అది చూసి ఆగు, ముల్లుని నమ్మి ముందుకు పోకు. ఒక్కసారి ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ వంగిందంటే గాస్కెట్ పని, హెడ్ చదును చేయించే పని, ఒకదాని వెనక ఒకటి మీద పడతాయి.

రెండోది టైమింగ్ బెల్టు, అంటే వాల్వుల్నీ పిస్టన్లనీ వంతు తప్పకుండా కలిపి నడిపేది. నీ బండికి చైన్ ఉందా బెల్టు ఉందా? బెల్టే అయితే, ఎప్పుడు మార్చారో కాగితం మీద రుజువు లేకపోతే, మార్చలేదనే లెక్క. అమ్మినాయన నోటిమాట ఇక్కడ చెల్లదు. చాలా ఇంజిన్లలో వాల్వులూ పిస్టన్లూ ఒకే చోటికి వంతులవారీగా వస్తాయి. బెల్టు తెగితే ఆ వంతు తప్పి పిస్టను వెళ్లి వాల్వుని గుద్దుతుంది. అప్పుడు నిజంగానే బండి అమ్ముకోవాల్సి వస్తుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగింది కదా అనుకోకు, రబ్బరుకి వయసు కూడా లెక్కే, మాన్యువల్లో కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా రాస్తారు. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, బేరింగులు, ఆ బెల్టు మీదే తిరిగేదైతే వాటర్ పంపు కూడా ఒకేసారి వేయించు. విప్పే కష్టం ఒకటే కదా.

బ్రేకు ఆయిల్ గురించి ఎవరూ పట్టించుకోరు. అది గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి ఇది ఒక కారణం. రెండేళ్లకోసారి మార్పించేయ్. టైర్ల మీద నాలుగంకెలు చూడు, మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. అరుగుదల ఎంత బాగున్నా అంత పాతవి తీసెయ్యాల్సిందే.

వాల్వ్ కవర్ దగ్గర ఆయిల్ చెమ్మ, అద్దం మోటరు నెమ్మదించడం, డోరు రబ్బరు, డాష్‌బోర్డు కిటకిట, ఇవన్నీ ఆగుతాయి. చెమ్మ కారుడైతే అప్పుడు చూద్దాం. ఎగుడుదిగుడు రోడ్డు మీద ముందు చక్రాల దగ్గర టకటకమంటోందని రాశావే, దాన్ని మాత్రం ఆపకు. బండి జాకీ మీద లేపించి లింకు రాడ్లు, బుష్షులు, బాల్ జాయింట్లు కదిపి చూడమను. లింకు రాడ్ అయితే చప్పుడే, బాల్ జాయింట్ ఊడితే చక్రం ఒరిగిపోతుంది.

మెకానిక్ గురించి కూడా అడిగావు. చేయి తిరిగినవాడైతే చాలదు, "ఎలా తెలిసింది?" అని అడిగితే చూపించేవాడు కావాలి. ఏం జరిగిందో నువ్వూ సరిగ్గా చెప్పాలి. "బండి ఆగిపోతోంది" అంటే ఆయనేం చేస్తాడు? ఎంతసేపు నడిచాక, ఏసీ వేసి ఉందా, ట్యాంకులో ఎంత ఉంది, ఆగాక ముల్లు ఎలా ఉంది, ఇవి ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలోనే పెట్టుకో. మార్చిన ప్రతి పార్టూ, ఆ రోజు మీటరు రీడింగూ కూడా రాయి. ఒకసారి ఒక్క మార్పే చేయించు, కొన్నాళ్లు నడిపి చూడు, తర్వాత రెండోది. ఒకేరోజు నాలుగు మారిస్తే ఏది మందయిందో ఎప్పటికీ తెలియదు. తీసిన పాత పార్టుని అడిగి తెచ్చుకో, పారెయ్యకు. నీ పాత పెట్రోలు పంపు ఇంకా షెడ్డులోనే ఉంటే వెళ్లి తీసుకో, అది బాగున్నదే అయ్యుండొచ్చు.

వచ్చే సెలవుల్లో మీటరు, స్కానర్ పట్టుకుని నేనే వస్తున్నాను. బెల్టు కవర్ విప్పి చూద్దాం, పగుళ్లున్నాయో ఆయిల్ తగిలిందో ఇద్దరం కలిసి చూస్తే అనుమానం ఉండదు. ఈలోపు ఆ బెల్టు కవర్ బోల్టులకి తుప్పు వదిలించే స్ప్రే రోజూ సాయంత్రం కొంచెం కొడుతూ ఉండు. ఏళ్ల తరబడి కదలని బోల్టులు ఒక్కసారిగా తిప్పితే తల తెగుతుంది, తర్వాత దాన్ని డ్రిల్లు పెట్టి తియ్యలేక చావాలి. బ్రేకుల మీద, బెల్టు మీద మాత్రం ఆ స్ప్రే పడనీకు. నీకు సరిపోయే 10, 12 నంబరు సాకెట్లు ఉన్నాయో లేవో రాయి, లేకపోతే నావే తెస్తాను.

నీ
స్నేహితుడు