ఆదివారం వేలం: రవాణా ఖర్చు ముందే చూసుకోండి

సభ్యులందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి 9 గంటలకు ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైట్‌లో ముగిసే పాత బార్బీ బొమ్మల వేలంలో పాల్గొనదలచినవారు, బొమ్మ ధరకు రవాణా ఖర్చు కలిపి చూసుకున్న తరువాతే తమ గరిష్ఠ మొత్తాన్ని నిర్ణయించుకోవాలని మనవి.

పెట్టె తెరవని బొమ్మ ఎంత తేలికైనా, పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే బరువు అసలు బరువుకన్నా ఎక్కువైతే అంతర్జాతీయ కొరియర్లు సాధారణంగా దానికే ఛార్జీ వేస్తాయి. 40×30×20 పెట్టె 4.8 కిలోలుగా లెక్కకు వస్తుంది. కొత్తవారు తరచూ కంగారుపడేది ఇక్కడే.

ఒకే అమ్మకందారు వద్ద రెండు బొమ్మలు గెలిస్తే, డబ్బు కట్టకముందే రెండింటినీ కలిపి పంపేలా ఒకే బిల్లు అడగండి. భారతదేశానికి తెప్పించుకునేవారికి కస్టమ్స్ సుంకం రవాణా ఖర్చు కూడా కలిపిన విలువపై పడుతుంది.

అమ్మకందారును ఛార్జీ ముందే అడగడానికి, శనివారం సాయంత్రంలోగా మీకు కావలసిన బొమ్మ, పిన్‌కోడ్ ఇక్కడ తెలపగలరు.