జడ పొడుగైతే వెంట్రుక లావెక్కదు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో మహిళల పేజీలో ఒక చిట్కా వేశారు. సన్నటి జుట్టున్న వాళ్లు కత్తెర పెట్టకుండా నడుం దాకా పెంచితే వెంట్రుక దానంతటదే లావెక్కుతుందట. నేను విజయనగరం గంటస్తంభం దగ్గర సవరాలు కట్టి అమ్ముతాను. పెళ్లికూతుళ్లకు పూలజడలు వేస్తాను. మా అత్తగారి నుంచి వచ్చిన పని ఇది. మీ చిట్కా పట్టుకుని సోమవారం నుంచే నా దగ్గరికి ఆడవాళ్లు వస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం.

సవరం కట్టేవాళ్లు ముందు చూసుకునేది మొదలు ఏదో, కొస ఏదో. వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి, అన్నీ కొస వైపుకే వాలి ఉంటాయి. నాలుగు పోగులు తలకిందులుగా కలిశాయంటే ఆ సవరం రెండు దువ్వులకే చిక్కుపడి పాడైపోతుంది. ఒక వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నిలువునా నలపండి. అది మొదలు వైపుకే జరుగుతుంది. ఇలా పోగుపోగూ చేతిలో ఆడే పని కాబట్టి లావూ సన్నమూ వేళ్లకే తెలిసిపోతాయి. పొడుగాటి జుట్టులో ఎప్పుడూ కొస సన్నగానే ఉంటుంది, మొదలే కాస్త నిండుగా తగులుతుంది.

ఈ మాట చెబితే ఒకావిడ వాదనకు దిగింది. మొదలు లావుగా ఉందంటే, పెరిగేకొద్దీ లావెక్కినట్టే కదా అని. తెలివైన ప్రశ్నే. కానీ వెంట్రుక పెరిగేది కుదురు దగ్గర, కొస దగ్గర కాదు. నెలకు సుమారు 1 సెంటీమీటరు చొప్పున కొత్త భాగం కింద నుంచి తోసుకొస్తుంది. నడుం దగ్గరున్న కొస ఐదారేళ్ల కిందటిది. అన్నేళ్ల దువ్వెనా, ఎండా, షాంపూ, తువ్వాలు రాపిడీ తిన్నది అదే. కాబట్టి కొస అరిగింది, మొదలు లావెక్కలేదు. తల బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. కత్తిరిస్తే నొప్పి లేనిది అందుకే. చర్మం లోపల కుదురు ఎంత ఉంటే పోగు అంత లావుతో వస్తుంది, మామూలుగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా. పొడుగుగా పెంచాం కదా అని ఆ కుదురు పెద్దదవదు.

మరి పెంచిన వాళ్లలో కొందరికి జడ నిజంగానే నిండుగా ఎందుకు కనిపిస్తుంది? స్టెప్ కట్ చేయించుకున్న పిల్ల పెంచడం మొదలెడితే, ఏడాదికో రెండేళ్లకో చెవుల దగ్గర ఆగిపోయిన పొట్టి వెంట్రుకలు కూడా జడలోకి అందుతాయి. పోగు లావు మారదు, జడలోకి వచ్చే పోగులు పెరుగుతాయి. అక్కడి నుంచి ఇంకా కిందికి పెంచితే మళ్లీ తగ్గుతాయి. ఎందుకంటే ఒక్కో వెంట్రుక పెరిగే కాలం రెండు నుంచి ఆరేళ్లే, తర్వాత రాలిపోతుంది. అన్నీ నడుం దాకా రావు. అందుకే సన్నజుట్టు పిల్లలకు పైన బాగానే ఉండి కింద ఎలకతోక వేలాడుతుంది. పైగా బరువుకి మాడు దగ్గర జుట్టు అతుక్కుపోయి ఇంకా పల్చగా అగుపిస్తుంది. నాలుగు అంగుళాలు తీయించమంటే, "ఏటమ్మా, మా గుంటకి ఉన్నదే గుప్పెడు, అదీ కత్తిరించేస్తే ఇంకేటి మిగుల్తాది?" అంటారు తల్లులు. తీశాక అద్దంలో చూసుకుని వాళ్లే నవ్వుతారు.

గుండు సంగతీ ఇలాంటిదే. సింహాచలంలోనో అరసవల్లిలోనో పుట్టువెంట్రుకలు తీయించడం మొక్కు, దానికి నేనేమీ అనను. కానీ జుట్టు ఒత్తుగా వస్తుందని పసిపిల్లకు మళ్లీ మళ్లీ గుండు కొట్టించడం ఎందుకు? కత్తి పడని వెంట్రుకకు కొస సూదిగా ఉంటుంది, గీశాక మొద్దుగా వస్తుంది, చేతికి గరుగ్గా తగులుతుంది. లావైందని మురిసిపోతారు. వయసు పెరిగేకొద్దీ పిల్లల వెంట్రుక ఎలాగూ కాస్త లావెక్కుతుంది, ఆ పేరు గుండు కొట్టేసింది. బీఎస్సీ చదివే మా చిన్నమ్మాయి వెతికి చెప్పింది: అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే గడ్డాల మీద పరీక్ష చేసి, గీసినందువల్ల వెంట్రుక లావూ పెరగదు, వేగమూ పెరగదు అని తేల్చారట.

మీ చిట్కా వల్ల వచ్చే నష్టం ఇంకొకటుంది. ఒకప్పుడు ఒత్తుగా ఉండి ఇప్పుడు పల్చబడిందంటే లోపల ఏదో కారణం ఉంటుంది. పెద్ద జ్వరం వచ్చిపోయిన రెండు మూడు నెలలకు రాలుతుంది. కాన్పు తర్వాతా అంతే. బిడ్డ మొహం చూసి నవ్వితే తల్లి జుట్టు ఊడుతుందని మన పెద్దవాళ్లు అనేది ఆ నెలల్లోనే. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా రాలుతుంది. వీళ్లంతా మీ మాట నమ్మి పెంచుకుంటూ కూర్చుంటే రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకుంటారు? స్కూలుకి రెండు జడలు బిగించి మడిచి రిబ్బన్లు కట్టే పిల్లలకు కణతల దగ్గర జుట్టు వెనక్కి పోతుంటుంది, అదీ ఎవరూ చూడరు. నా వ్యాపారానికి అడ్డమైనా చెబుతున్నాను, సవరం కూడా రోజూ పెట్టుకునేది కాదు. సంగీత నృత్య కళాశాల పిల్లలు ప్రోగ్రాముకి తీసుకెళ్తే, అయిపోగానే విప్పేయమని చెప్పి మరీ ఇస్తాను.

కాబట్టి ఆ చిట్కా తప్పని మీరే వేయాలి. చర్మవ్యాధుల డాక్టరు గారెవరి చేతనైనా నాలుగు ముక్కలు రాయించండి, పక్కనే నూనె ప్రకటన మాత్రం పెట్టకండి. సవరణను లోపలెక్కడో మూలన కాకుండా అదే మహిళల పేజీలో వేయండి. మా వీధిలో ఆడవాళ్లు ఆ పేజీ ఒక్కటే చింపి దాచుకుంటారు, మిగతాది పకోడీల పొట్లాలకు పోతుంది.

ఇట్లు,
సవరాలు కట్టే ఒక పాఠకురాలు,
విజయనగరం