తొలి రౌండు ఓటమిని పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మనవణ్ణి ఓ ర్యాపిడ్ చెస్ (తక్కువ టైములో ముగించే ఆట) టోర్నమెంటుకు తీసుకెళ్లాను. స్విస్ పద్ధతి కదా, ఆట బలాన్ని చెప్పే అంకె, అంటే రేటింగు, ప్రకారం వరసపెట్టిన వందమంది ఉంటే తొలి రౌండులో ఒకటో నంబరుకు యాభై ఒకటో నంబరు తగులుతుంది. మావాడికి అసలు రేటింగే లేదు, ఎదుటివాడికి 1700 పైచిలుకు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. రేటింగులో 200 తేడా ఉంటేనే బలమైనవాడికి నూటికి 76 పాయింట్లు రావాలని లెక్క, కాబట్టి ఓడినందుకు నాకేం బాధ లేదు. "ఎక్కడ పోయిందిరా?" అంటే, "పెద్ద ప్లేయర్ తాతయ్యా" అన్నాడు సమోసా తింటూ. బాధ అక్కడ. గుర్తున్న ఎత్తులు ఫోన్లో చెస్ యాప్‌కి ఎక్కిస్తే అది మైనస్ నాలుగు అంది, అంటే మావాడు బాగా వెనకబడ్డాడని. ఎందుకో చెప్పలేదు.

నేర్చుకోవడానికి బలాల్లో ఇంత తేడా ఉన్న ఇలాంటి ఆటే మేలు. సమానుల ఆటలో తప్పు మనబోటివాళ్ల కంటికి ఆనదు. 1858లో పారిస్‌లో, ఒపేరా నడుస్తుండగానే, 21 ఏళ్ల అమెరికన్ చెస్ దిట్ట పాల్ మార్ఫీ బ్రన్స్‌విక్ డ్యూక్‌తోనూ ఒక కౌంట్‌తోనూ ఆడాడు. ఆ ఇద్దరు ప్రభువులూ ఒకవైపే ఉండి కూడబలుక్కుని ఆడినా 17 ఎత్తుల్లో కట్టు. అందరూ చివర్లో మంత్రిని బలిచ్చిన ఎత్తునే చూపిస్తారు. నేను ఏడో ఎత్తు దగ్గర ఆపుతాను. మార్ఫీ మంత్రితో ఒకేసారి రెండు బంట్ల మీద గురిపెట్టాడు. నల్లవాళ్లు ఒకదాన్ని కాయబోయి మంత్రిని రాజు ముందు నిలబెట్టారు, సొంత బిషప్‌కే దారి మూసేశారు. రెండో బంటు ఊరికే దొరుకుతున్నా మార్ఫీ ముట్టలేదు. కొడితే రెండువైపులా మంత్రులు పోయి ఆట చప్పబడుతుంది. ఇంకో గుర్రాన్ని బయటికి తీశాడు. ఆట ముగిసేసరికి ఆ నల్ల బిషప్పూ, దాని పక్క మూలనున్న ఏనుగూ పుట్టినచోటే ఉన్నాయి. మావాడి బిషప్పూ అంతే, ఒక్క గడి కదల్లేదు.

నిర్వాహకులు ఏడువందలు ఎంట్రీ ఫీజు తీసుకుంటున్నారు. హాలు పక్కన రెండు బల్లలు వేసి, తొలి రౌండు అయ్యాక గెలిచినవాణ్ణి, ఓడినవాణ్ణి పది నిమిషాలు కూర్చోబెట్టలేరా? గెలిచిన కుర్రాడికి ఎత్తులన్నీ గుర్తే ఉంటాయి, తడుముకోకుండా అప్పజెబుతాడు.

మీకూ ఒక మనవి. 2024 చివర్లో కోనేరు హంపి న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచినప్పుడు ఫొటోలు చూసి మురిసిపోయాం. ఆదివారం ఆటల పేజీలో ఒక మూల, ఇలాంటి ఎక్కువతక్కువల ఆట ఒకటి బోర్డు బొమ్మతో వేయండి. ఓడినవాడి వైపు నుంచి రాయించండి.

– ఒక తాత, తెనాలి