విడాకుల గడువు ఆరు నెలలూ మాట్లాడుకోనివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం 1937 నాటి హాలీవుడ్ సినిమా ‘ది ఆఫుల్ ట్రూత్’ మళ్లీ చూశాను. దర్శకుడు లియో మెక్‌కేరీకి ఆస్కార్ తెచ్చిన నవ్వుల సినిమా. భర్త (కేరీ గ్రాంట్) ఎండలు కాసే ఫ్లోరిడా వెళ్లొచ్చానని నమ్మించడానికి క్లబ్బులో ఎండలా కాసే దీపం కింద పడుకుని ఒళ్లు కమిలించుకుంటాడు. తీరా భార్యకు తెచ్చిన నారింజల మీద కాలిఫోర్నియా ముద్ర! ఆవిడ (ఐరీన్ డన్) కూడా తక్కువ తినలేదు. సంగీతం మాస్టారితో వెళ్లి, కారు చెడిపోయిందంటూ మర్నాడు ఇల్లు చేరుతుంది. ఇంకేముంది, విడాకులు. అవి ఖాయం కావడానికి 90 రోజుల గడువు.

పిల్లలు లేరు కాబట్టి కోర్టులో తగువంతా కుక్కపిల్ల కోసం. ఎవరి దగ్గరుండాలో జడ్జి కుక్కనే తేల్చుకోమంటే, ఆవిడ దాని ఆటబొమ్మను చాటుగా చూపించి తనవైపు రప్పించుకుంటుంది. భర్తకు వచ్చి చూసిపోయే హక్కు దక్కుతుంది. నాకు నచ్చింది ఇదే. కుక్క వంకతో అతను వస్తూనే ఉంటాడు, పోట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. గడువు ముగిసే రాత్రికి మళ్లీ ఒక్కటవుతారు.

మన హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద, ఇద్దరూ ఇష్టపడి విడాకులు అడిగినా ఆరు నెలలు ఆగాలి. ఇక కలిసే ఆశే లేకపోతే ఆ గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కొట్టే మొగుడి దగ్గర రాజీ మాటే ఎత్తకూడదు, సినిమాలో ఆ బాధ లేదు. కానీ కేవలం అనుమానాలతో, మాటపట్టింపులతో విడిపోయేవాళ్ల సంగతేమిటి? మా బంధువులమ్మాయికి ఆ ఆరు నెలలూ అందరూ చెప్పింది ఒకటే: ఫోన్ ఎత్తొద్దు, మెసేజ్ పెట్టొద్దు, కేసు పాడవుతుంది.

ఇలాంటి కేసుల్లో ఇద్దరూ సరేనంటే, లాయర్లూ పెద్దమనుషులూ లేకుండా కనీసం మూడుసార్లు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఫ్యామిలీ కోర్టులే చేయాలి. ఒక గది, కాస్త టీ, గంట సమయం. అంతకంటే ఖర్చేమీ లేదు.

మా బంధువులమ్మాయి, ఆమె భర్త ఆ ఆరు నెలల్లో ఎదురుపడింది ఒక్కసారే, చివరి వాయిదా రోజున. అప్పుడు కూడా వాళ్ల మధ్య మేం పదిమందిమి నిలబడి ఉన్నాం.

— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం