పాత సాఫ్ట్‌వేర్‌కు అస్పష్టమైన అనుమతులు చాలవు

సంపాదకులకు,

పాత కంప్యూటర్లను బాగుచేసి నడిపించుకునే అభిరుచిపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే, తయారు చేసిన కంపెనీలు మూతపడ్డాయి కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు అందరి సొత్తేనన్న మాట మాత్రం సరికాదు. కంపెనీ పోయినా దాని ఆస్తులు ఎవరో ఒకరి చేతికి వెళతాయి, కాపీరైట్ కూడా ఆస్తే. సంస్థ తన ఉద్యోగుల చేత రాయించిన ప్రోగ్రామ్‌కు అమెరికా చట్టం సాధారణంగా ప్రచురించిన నాటి నుంచి 95 ఏళ్ల రక్షణ ఇస్తుంది. ఆ లెక్కన 1979లో వెలువడిన సీపీ/ఎం 2.2 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద హక్కు 2074 చివరిదాకా ఉంటుంది. ‘అబాండన్‌వేర్’ (యజమానులు వదిలేసిన సాఫ్ట్‌వేర్) అనేది అభిమానులు పెట్టుకున్న పేరే తప్ప, చట్టం గుర్తించిన వర్గం కాదు.

ఈ సీపీ/ఎం కథనే చూడండి. గ్యారీ కిల్డాల్ 1974లో రాసిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ ఆయన స్థాపించిన డిజిటల్ రీసెర్చ్ సంస్థతో పాటు 1991లో నోవెల్‌కు, 1996లో కాల్డెరాకు, అక్కడి నుంచి లినియోకు చేరింది. 2001లో లినియో దాన్ని వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచడానికి అనుమతిస్తూ ఒక లేఖ ఇచ్చింది గానీ, ఆ అనుమతి అభిమానులు నడిపే ఒకానొక సేకరణ పేరిట, దానిలో భాగంగా అని ఉంది. ఆ సేకరణకు బయట ఉన్నవారి మాటేమిటన్నది ఎవరికీ తేలలేదు.

నా దగ్గర సీపీ/ఎం నడిచే, జెడ్80 ప్రాసెసర్ ఉన్న పాత యంత్రం ఒకటి ఉంది. ఫ్లాపీ డ్రైవ్ కాసేపు గరగరలాడాక తెరమీద ‘A’ అక్షరం, దాని పక్కన బాణం గుర్తు (>) ప్రత్యక్షమైతే చాలు, యంత్రం బతికినట్టే. ఇలాంటి యంత్రమే ఉన్న మిత్రుడొకరు తన ఫ్లాపీ బూజుపట్టి చదవడం లేదని, నకలు పంపమని అడిగారు. నకలు తీయడానికి పట్టింది కొద్ది నిమిషాలే. పంపవచ్చునా లేదా అని ఆ 2001 లేఖను ముందుకీ వెనక్కీ చదవడానికి మాత్రం ఒక సాయంత్రం పట్టింది, అయినా తేల్చుకోలేకపోయాను. చివరికి 2022లో, హక్కులు తమవేనన్న డీఆర్‌డాస్ సంస్థ అధిపతి బ్రయాన్ స్పార్క్స్, ఆ అనుమతి సీపీ/ఎంకూ దాని నుంచి పుట్టినవాటికీ వర్తిస్తుందని, ఏ ఒక్క సేకరణకో పరిమితం చేయకుండా ఒక్క పేరాలో స్పష్టం చేశారు. ఆ పేరా 2001లోనే రాసి ఉంటే సరిపోయేది.

మైక్రోసాఫ్ట్ కూడా ఇదే దారిలో నేర్చుకుంది. తన పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 1.25, 2.0ల సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన మూల రూపాన్ని) 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా బయటపెట్టినప్పుడు, వ్యాపారేతర అవసరాలకే అన్న షరతు పెట్టింది. చదువుకోవడానికి అది చాలు. అయితే ఆ కోడ్‌ను సరిదిద్ది, కొత్తగా తయారుచేసిన బోర్డులో పెట్టి నలుగురికీ అమ్ముదామనుకున్నవారికి దారి మూసుకుపోయింది. 2018లో అదే కోడ్‌ను, ఎవరైనా మార్చుకోవడానికీ అమ్ముకోవడానికీ వీలిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద విడుదల చేయడంతో ఆ చిక్కు వీడింది. ఐబీఎంతో కలిసి రూపొందించిన ఎంఎస్-డాస్ 4.00ను 2024లో విడుదల చేసినప్పుడు, ఐబీఎం సహకారంతోనే ఎంఐటీ లైసెన్స్‌ను ఎంచుకున్నారు. నిజానికి ఇలాంటి విడుదలల ఆలస్యానికి ఒక కారణం ఇక్కడే ఉంది: పాత కోడ్‌లో ఇతరుల దగ్గర తెచ్చుకున్న భాగాలు కలిసి ఉంటాయి, వాటి యజమానుల్ని వెతికి ఒప్పించే పని చిన్నది కాదు. ఆ కష్టాన్ని కాదనను. అంత కష్టపడ్డాక కూడా, అందరికీ తెలిసిన లైసెన్స్‌ను వదిలేసి సొంత వాక్యాలతో అనుమతి పత్రం అల్లడమే నాకు అర్థం కాని సంగతి.

‘ఉచితంగా దొరుకుతుంది’ అన్నంత మాత్రాన దాన్ని మార్చి పంచే హక్కు వచ్చినట్టు కాదు. 2023లో అదే మ్యూజియం అందుబాటులోకి తెచ్చిన, యాపిల్ పాత కంప్యూటర్ లీసా సోర్స్ కోడ్‌ను చదవవచ్చు, ఇతరులకు పంచకూడదు. సీపీ/ఎంను ఇప్పుడు నిస్సంకోచంగా పంచవచ్చు. ఈ తేడా పాఠకులకు తెలిసేలా మీ వ్యాసానికి చిన్న సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు